రంగు చేపలు కొనే ముందు

ఇంట్లో ఒక గాజు తొట్టె, అందులో నాలుగు రంగు చేపలు ఉండాలని ముచ్చటపడని పిల్లలు అరుదు. పెద్దలకూ ఆ కోరిక లేకపోలేదు. రోజంతా పనిచేసి ఇంటికి చేరాక, నీళ్ళలో నిదానంగా తిరిగే చేపలను పది నిమిషాలు చూస్తే మనసు తేలికపడుతుంది. అయితే మేము ఎరిగిన ఎన్నో కుటుంబాల్లో ఈ ముచ్చట రెండు వారాలైనా నిలవడం లేదు. పుట్టినరోజుకో, పరీక్షలో మంచి మార్కులు వచ్చినందుకో నాన్నగారు ఒక గాజు గిన్నె, రెండు గోల్డ్ ఫిష్‌లు కొని తెస్తారు. మూడో రోజుకు నీళ్ళు తెల్లగా మసకబారతాయి. వారం తిరిగేసరికి ఒక చేప, పదో రోజుకు రెండవది వెల్లకిలా తేలుతుంది. పిల్లలు అన్నం ముట్టకుండా ఏడుస్తారు. "మన ఇంటికి చేపలు అచ్చిరావు" అని అమ్మమ్మ తేల్చేస్తుంది. గిన్నె అటక మీదికి చేరుతుంది.

నిజానికి అక్కడ జరిగింది చాలా మామూలు విషయం. డబ్బు పెట్టవలసిన చోట పెట్టలేదు, అక్కర లేని చోట పెట్టారు. అన్నిటికన్నా చివర కొనవలసిన చేపలను అన్నిటికన్నా ముందు కొన్నారు. కొత్తగా చేపలు పెంచాలనుకునే మధ్యతరగతి కుటుంబం ఏవి కొనాలి, ఏవి కొనకూడదు, తక్కువ ఖర్చులో నమ్మకంగా పనిచేసే సామాను ఏది అన్న విషయాలను మన విజయవాడ ఎండలకు, మన కరెంటుకు, మన నీళ్ళకు సరిపోయేలా ఈ వ్యాసంలో చెప్పదలిచాము.

చెరువు రైతు దగ్గర నేర్చుకోవలసింది

కృష్ణా డెల్టాలో ఉన్న మనకు చేప కొత్తది కాదు. కైకలూరు, ముదినేపల్లి, మండవల్లి ప్రాంతాల్లో చేపల చెరువులే జీవనాధారమైన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ పెరిగిన బొచ్చె, శీలావతి చేపలు ఐసు పెట్టెల్లో లారీలెక్కి పశ్చిమ బెంగాల్, అస్సాం వరకు వెళతాయి. రంగు చేపల దారి మాత్రం దీనికి ఎదురు. ఆ వ్యాపారానికి పేరుపడిన చోట్లు చెన్నైలోని కొళత్తూరు, కోల్‌కతా పక్కనున్న హౌరా. తినే చేపను బెంగాలుకు పంపే మనం చూసే చేప కోసం అటువైపు చూడవలసి వస్తోంది.

అయినా రంగు చేపలు పెంచడానికి కావలసిన అసలు జ్ఞానం మన చెరువు గట్ల మీదే ఉంది. "చేపలు ఎలా ఉన్నాయండీ?" అని ఒక చెరువు రైతును అడిగి చూడండి. ఆయన ముందు నీటి సంగతి చెబుతాడు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే నీటిలో ఆక్సిజన్ తగ్గిందని గ్రహించి ఏరియేటరు వేస్తాడు. అమ్మోనియా పెరిగిందని ల్యాబులో చెబితే మేత తగ్గిస్తాడు, నీరు మారుస్తాడు. నీరు బాగుంటే చేప తనంతట తానే పెరుగుతుందని ఆయనకు తెలుసు. మన హాల్లో పెట్టుకునే గాజు తొట్టె కూడా ఒక చిన్న చెరువే. చిన్నది కాబట్టి చెడితే ఇంకా త్వరగా చెడుతుంది. అంతే తేడా.

చేప విసర్జించే మలినాల నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి నీటిలో అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. నీరు వేడెక్కిన కొద్దీ, నీటి క్షారగుణం పెరిగిన కొద్దీ ఆ విషం తీవ్రత హెచ్చుతుంది. ప్రకృతిలో కొన్ని రకాల బాక్టీరియా ఈ అమ్మోనియాను తిని నైట్రైట్‌గా మారుస్తాయి. అది కూడా విషమే. మరికొన్ని బాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఇది కొంత మేరకు ఉన్నా చేపకు హాని లేదు. ఈ మేలు చేసే బాక్టీరియా కొత్త తొట్టెలో ఉండదు. ఫిల్టరులోని స్పాంజి మీద, అడుగున పోసిన ఇసుక మీద అది స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇంతకు ముందు చెప్పిన ఇంటిలో పదో రోజుకే చేపలు పోవడానికి కారణం ఇదే. నీళ్ళు అద్దంలా మెరుస్తూ కనిపించినా అమ్మోనియా నిండా ఉండవచ్చు. అది కంటికి కనబడదు.

కాబట్టి మీరు కొనే సామానంతటికీ పని ఒక్కటే. ఆ బాక్టీరియాకు ఇల్లు, గాలి ఇవ్వడం. ఈ మాట గుర్తుంచుకుంటే దుకాణంలో ఏ వస్తువు అవసరమో, ఏది ఆడంబరమో మీకే తెలుస్తుంది.

తొట్టె: గిన్నె వద్దు

అన్నిటికన్నా చౌక కదా అని గుండ్రని గాజు గిన్నె కొంటారు. చివరికి అదే ఎక్కువ ఖరీదు అవుతుంది. ఆరేడు లీటర్ల నీటిలో కొద్ది మేత మిగిలినా విషమే. పైగా నీటిలోకి ఆక్సిజన్ చేరేది నీటి పైభాగం నుంచే. ఎనిమిది అంగుళాల మూతి ఉన్న గిన్నెకు, రెండడుగుల పొడవు అడుగు వెడల్పు ఉన్న తొట్టెకు పోలిస్తే గాలి తగిలే వైశాల్యం దాదాపు ఆరో వంతు మాత్రమే. పెద్ద తొట్టెను సంభాళించడం కష్టమని కొత్తవారు భయపడతారు గాని, సంగతి తారుమారు. నీరు ఎక్కువ ఉన్నకొద్దీ మన చిన్న చిన్న లోపాలను అది భరిస్తుంది.

మొదటిసారి కొనేవారికి 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టె సరిగ్గా సరిపోతుంది. నిండా పోస్తే 56 లీటర్ల నీరు పడుతుంది. విదేశీ మోడళ్ళు, రంగురంగుల మూతలు ఉన్న రెడీమేడ్ తొట్టెలకన్నా స్థానికంగా గాజు పలకలు కోసి, సిలికాన్‌తో అతికించి ఇచ్చే తొట్టె చవక, చాలాకాలం మన్నుతుంది కూడా. కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడండి. ఈ కొలతకు గాజు మందం 6 మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింత. మూలల్లో సిలికాన్ ఎడతెగకుండా, బుడగలు లేకుండా ఉండాలి. అంచులు చేతికి కోసుకోకుండా అరగదీసి ఉండాలి. బాత్‌రూముల్లో వాడే, బూజు పట్టకుండా మందు కలిపిన సిలికాన్ వాడారేమో అడగండి. అది చేపలకు హాని.

తొట్టెను తెచ్చిన రోజే హాల్లో పెట్టకండి. వరండాలోనో, డాబా మీదో చదునైన చోట నిండా నీరు పోసి రెండు రోజులు వదిలేయండి. చుట్టూ పాత న్యూస్ పేపరు పరిస్తే ఎక్కడ చెమ్మ తగిలినా తెలిసిపోతుంది. కారితే మార్చుకునే మాట దుకాణదారుతో ముందే అనుకోండి.

నీరు, గాజు, ఇసుక అన్నీ కలిస్తే ఈ తొట్టె 70 కిలోలు దాటుతుంది. అంటే ఇంచుమించు ఒక ధాన్యం బస్తా. ప్లాస్టిక్ బల్ల మీదో, టీవీ స్టాండు మీదో పెట్టే వస్తువు కాదు. ఇనుప యాంగిల్ స్టాండు గాని, గోడకు కట్టిన గట్టు గాని ఉండాలి. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి నాలుగు వైపులా మట్టం చూసుకోండి. తొట్టె కింద అర అంగుళం థర్మోకోల్ షీటు పరిస్తే ఎగుడు దిగుళ్ళ వల్ల గాజు పగలదు. కిటికీ ఎండ నేరుగా పడే చోటు వద్దు. నీరు వేడెక్కుతుంది, గాజు నిండా పాకుడు పడుతుంది.

ఫిల్టరు: స్పాంజి ముక్క చాలు

దుకాణంలో రకరకాల ఫిల్టర్లు చూపిస్తారు. తొట్టె లోపల మునిగి ఉండే మోటారు ఫిల్టరు, అంచుకు తగిలించేది, కింద క్యాబినెట్లో పెట్టే పెద్ద డబ్బా ఫిల్టరు. ఇవేవీ చెడ్డవి కావు. కాని కొత్తవారికి, తక్కువ ఖర్చులో, చాలాకాలం నమ్మకంగా పనిచేసేది స్పాంజి ఫిల్టరు. ఒక స్పాంజి, ఒక ప్లాస్టిక్ గొట్టం, దానికి గాలి పంపే చిన్న ఎయిర్ పంపు. అంతే. నీటిలో తిరిగే మోటారు లేదు, కాలిపోయే భాగం లేదు. గాలి బుడగలు పైకి లేస్తూ నీటిని స్పాంజి గుండా లాగుతాయి. మురికి స్పాంజికి పట్టుకుంటుంది, బాక్టీరియా అందులో కాపురం పెడుతుంది, నీటికి ఆక్సిజన్ అందుతుంది. గప్పీ పిల్లలు కూడా అందులోకి లాగబడవు. పంపు, స్పాంజి కలిపి కొన్ని వందల రూపాయల్లో వస్తాయి.

ఎయిర్ పంపు ఎన్నుకునేటప్పుడు డబ్బా మీద రాసిన గొప్పలు చదవకుండా దాన్ని ప్లగ్గులో పెట్టించి చేత్తో పట్టుకుని చూడండి. సన్నగా గుయ్‌మనాలి గాని గడగడ శబ్దం చేయకూడదు. గొట్టం చివర నీటి గిన్నెలో అడుగు లోతున ముంచితే బుడగలు బలంగా రావాలి. పంపు లోపల ఒక రబ్బరు డయాఫ్రం ఉంటుంది. కొంతకాలానికి అది చిరగడం సహజం. ఆ రబ్బరు విడిగా దొరుకుతుందా అని తప్పక అడగండి. విడి భాగాలు దొరికే మామూలు పంపు, విడి భాగాలు దొరకని ఖరీదైన పంపు కన్నా మేలు. పేరున్న కంపెనీదా కాదా అన్నది తరవాతి మాట.

ఖర్చు సంగతి కూడా లెక్క చూద్దాం. 5 వాట్ల ఎయిర్ పంపు రాత్రింబగళ్ళు నెల రోజులు నడిస్తే 3.6 యూనిట్లు. 10 వాట్ల ఎల్.ఇ.డి. దీపం రోజుకు ఎనిమిది గంటలు వెలిగితే నెలకు 2.4 యూనిట్లు. రెండూ కలిపి ఆరు యూనిట్లు. కరెంటు బిల్లుకు భయపడి రాత్రిళ్ళు పంపు ఆపేసేవారు ఉన్నారు. అది ఆపకూడదు. బాక్టీరియాకు ఇరవై నాలుగు గంటలూ గాలి కావాలి. ఆపవలసింది దీపం.

కొత్త స్పాంజి త్వరగా పనికి రావాలంటే ఒక సులువు ఉంది. ఆరోగ్యంగా ఉన్న చేపలను ఏడాదిగా పెంచుతున్న మిత్రులెవరైనా ఉంటే, వారి ఫిల్టరులోని పాత స్పాంజి ముక్క అడిగి తెచ్చి మీ తొట్టెలో వేయండి. దారిలో ఎండిపోకుండా ఆ తొట్టె నీటిలోనే ముంచి తేవాలి. ఇది పాలకు తోడు వేయడం వంటిది. నెల పట్టవలసిన పని చాలా ముందుగా పూర్తవుతుంది. రూపాయి ఖర్చు లేదు.

కరెంటు పోయినప్పుడే అసలు పరీక్ష

ఏ సామాను నమ్మదగినదో కరెంటు ఉన్నప్పుడు తెలియదు, పోయినప్పుడే తెలుస్తుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు చాలా ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. మనుషులకే తాగునీరు కరువైన ఆ రోజుల్లో చేపల మాట చిన్నదే. కాని డెల్టాలో తుఫాను గాలికి ఒక పూట, మరమ్మతుల పేరిట మరొక పూట కరెంటు పోవడం ఏటా ఉన్నదే. అందుకు సిద్ధపడి కొనడం మంచిది.

మొదటిది, పంపును నీటి మట్టానికి పైన ఉంచండి. కింద పెడితే కరెంటు పోగానే తొట్టెలోని నీరు గొట్టం ద్వారా వెనక్కు జారి పంపులోకి, అక్కడి నుంచి ప్లగ్గులోకి వస్తుంది. పైన పెట్టే వీలు లేకపోతే గొట్టం మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు అనే చిన్న బిళ్ళ పెట్టించండి. ధర చాలా తక్కువ. అది లేకపోతే మోటారు పోతుంది, నేల తడుస్తుంది. రెండవది, ఇంట్లో ఇన్వర్టరు ఉంటే పంపు ప్లగ్గును ఆ లైనులోకి మార్పించండి. 5 వాట్లు దానికి లెక్కలోకి రావు. ఇన్వర్టరు లేనివారు బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. సెల్ ఫోను పవర్ బ్యాంకుతో నడిచేవి కూడా వస్తున్నాయి.

అవేవీ లేకపోయినా కంగారు పడనక్కర లేదు. తొట్టె మూత తీయండి. అరగంటకోసారి చెంబుతో నీరు ముంచి అడుగు ఎత్తు నుంచి తిరిగి పోయండి. మేత పూర్తిగా ఆపండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప కొన్ని రోజులు ఆకలికి తట్టుకోగలదు, ఆక్సిజన్ లేకపోతే గంటల్లో పోతుంది. చాలా గంటలు ఆగిన తరవాత కరెంటు వస్తే స్పాంజిని బయటికి తీసి, తొట్టె నీటిలో ఒకసారి పిండి, అప్పుడు పంపు వేయండి.

ఒక ముచ్చట చెప్పాలి. లండన్ జంతు ప్రదర్శనశాలలో మొదటి అక్వేరియం తెరిచింది 1853లో. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఈ విషయం మీద పుస్తకం ప్రచురించి ఇంటింటా ఆ సరదా పుట్టించాడు. అప్పటికి ఇళ్ళలో కరెంటే లేదు. విశాలమైన తొట్టె, నీటి మొక్కలు, చేపలు తక్కువ. ఈ మూడింటితోనే వారు నెట్టుకొచ్చారు. ఇవాళ ఎన్ని యంత్రాలు వచ్చినా ఆ లెక్క మారలేదు.

మనకు చలి కాదు, ఎండ

ఇంగ్లీషు పుస్తకాల్లో, యూట్యూబు వీడియోల్లో హీటరు తప్పనిసరి అని చెబుతారు. అది చలి దేశాల మాట. విజయవాడలో గప్పీ, మోలీ, జీబ్రా వంటి చేపలకు ఏడాదిలో చాలా భాగం హీటరు అవసరమే రాదు. కాబట్టి మొదటి కొనుగోలులో ఆ డబ్బు మిగుల్చుకుని ఒక థర్మామీటరు కొనండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీరు 22 డిగ్రీలకన్నా బాగా తగ్గుతోందని థర్మామీటరు చెబితే అప్పుడు హీటరు గురించి ఆలోచించవచ్చు.

మన శత్రువు మే నెల. బయట 40 డిగ్రీలు దాటిన రోజుల్లో మూసి ఉన్న గదిలో తొట్టె నీరు కూడా బాగా వేడెక్కుతుంది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర, 35 దగ్గర 7కు పడిపోతుంది. అదే వేడికి చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. దీనికి మందు ఖరీదైన చిల్లరు యంత్రం కానవసరం లేదు. మూత తీసి, దోమతెర గుడ్డ కప్పి, చిన్న టేబుల్ ఫ్యాను గాలి నీటి ఉపరితలం మీద పడేలా పెడితే నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. మట్టికుండలో నీరు చల్లబడేది ఈ సూత్రం మీదే. బందరు, అవనిగడ్డ వైపు గాలిలో తేమ ఎక్కువ కనుక అక్కడ ఫలితం కొంత తగ్గుతుంది. ఆవిరైన మేరకు నీరు పోస్తూ ఉండాలి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి. ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు.

ఏ నీళ్ళు పోయాలి?

మునిసిపాలిటీ కుళాయి నీటిలో క్లోరిన్ కలుపుతారు. అది మనకు రక్ష, చేప మొప్పలకు, మేలు చేసే బాక్టీరియాకు శిక్ష. వెడల్పాటి బకెట్లో ఒక రోజు మూత లేకుండా ఉంచితే చాలా వరకు పోతుంది. ఇంకా నమ్మకం కావాలంటే దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్ మందు సీసా మీద రాసిన మోతాదులో వేయండి. ఇందులో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్. ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో 'హైపో' అని వాడినది ఇదే.

బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గాని ఆక్సిజన్ తక్కువ, లవణాలు ఎక్కువ ఉండవచ్చు. ఒక రోజు గాలి పట్టించి వాడుకోవచ్చు. గప్పీలు, మోలీలు గట్టి నీటిలో హాయిగా ఉంటాయి. సముద్ర తీర మండలాల్లో బోరు ఉప్పగా ఉన్నచోట మోలీలు తప్ప మిగిలినవి ప్రయత్నించకండి. శుద్ధి చేసిన క్యాను నీరు మంచిదనుకుని అదొక్కటే పోసేవారు ఉన్నారు. అందులో చేపకు కావలసిన లవణాలు కూడా తీసేసి ఉంటాయి. కాలువ నీరు పోసే గ్రామాల్లో బురద తేరిన తరవాత పైన ఉన్న తేట నీరు మాత్రమే వాడాలి. పొలాల్లో మందు కొట్టే రోజుల్లో ఆ నీరు అసలు వద్దు.

ఇంకొక హెచ్చరిక. ఇళ్ళలో చాలామంది దగ్గర ఇప్పుడు టి.డి.ఎస్. మీటరు ఉంది. దానితో తొట్టె నీటిని చూసి 'నీళ్ళు బాగున్నాయి' అనుకుంటారు. అది కరిగిన లవణాల మొత్తాన్ని సుమారుగా చెబుతుంది గాని అమ్మోనియా ఎంతో చెప్పలేదు. అమ్మోనియాకు, నైట్రైట్‌కు విడిగా పరీక్ష కిట్లు ఉన్నాయి. రెండూ సున్నా చూపితేనే తొట్టె చేపలకు సిద్ధమైనట్టు. ఖరీదు ఎక్కువనిపిస్తే ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. ఆక్వా ల్యాబులు ఉన్న ఊళ్ళలోనివారు సీసాలో నీరు పట్టుకెళ్ళి అక్కడ పరీక్ష చేయించుకోగలరేమో అడిగి చూడండి.

ఇవి చాలు, అవి వద్దు

మొదటిసారి కొనవలసినవి ఇవీ: తొట్టె, స్టాండు, స్పాంజి ఫిల్టరు, ఎయిర్ పంపు, గొట్టం, నాన్ రిటర్న్ వాల్వు, థర్మామీటరు, చిన్న వల, యాంటీ క్లోరిన్, అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష కిట్లు, నీరు లాగడానికి రెండు గజాల ప్లాస్టిక్ గొట్టం, చేపలకు మాత్రమే వాడే కొత్త బకెట్. ఆ బకెట్‌ను సబ్బు నీటికి ఎవరూ తీసుకోకుండా దాని మీద పేరు రాసి పెట్టండి.

కొననవసరం లేనివి ఇంకా పొడుగాటి జాబితా. రంగు పూసిన గులకరాళ్ళు, బుడగలు వదిలే బొమ్మలు, ప్లాస్టిక్ మొక్కలు, ముందు జాగ్రత్త అంటూ అంటగట్టే నాలుగైదు మందు సీసాలు. రాళ్ళకు బదులు ఇసుకను నీరు తేటపడేవరకు కడిగి అంగుళం మందాన పరవండి. అందులో సున్నం ఉందేమో తెలుసుకోవాలంటే ఒక చెంచా ఇసుక మీద నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే వాడవద్దు. ఇంట్లో ఉన్న మనీ ప్లాంట్ కొమ్మ ఒకటి వేళ్ళు మాత్రం నీటిలో మునిగేలా తొట్టె అంచుకు తగిలిస్తే, నైట్రేట్‌ను పీల్చుకుని తాను పెరుగుతుంది.

పాత తొట్టె కొనడం తప్పు కాదు. మోజు తీరినవారు సగం ధరకే ఇచ్చేస్తారు. అయితే ఏళ్ళ తరబడి ఎండకు ఎండిన తొట్టెలో సిలికాన్ గట్టిపడి ఉంటుంది. గోటితో నొక్కితే రబ్బరులా సాగాలి, పొరలుగా లేచిపోకూడదు. రెండు రోజుల నీటి పరీక్ష దీనికీ తప్పదు. కడగడానికి సబ్బు, సర్ఫు వాడకండి. ఉప్పుతో రుద్ది చాలాసార్లు కడిగితే చాలు. పాత పంపు అయితే గంటసేపు నడిపించి చూడండి. తీగ మీద ప్లాస్టిక్ చిట్లి ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

నీరు, కరెంటు పక్కపక్కన ఉన్నప్పుడు ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త కావాలి. ప్లగ్గుకు వచ్చే తీగ మధ్యలో కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా వదలండి. తీగ వెంట జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గర కిందికి పడిపోతుంది, ప్లగ్గులోకి చేరదు. తొట్టెలో చేయి పెట్టే ముందు అన్ని స్విచ్చులూ ఆపి ప్లగ్గులు తీయాలి. ఇంటి మెయిన్ దగ్గర కరెంటు లీకైతే ఆపివేసే ఆర్.సి.సి.బి. లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. చేపలకోసమే కాదు, ఇంటిల్లిపాదికీ అది అవసరం.

చివరగా చేపలు

తొట్టె అమర్చి, నీరు పోసి, పంపు వేసి, రోజూ చిటికెడు మేత మాత్రం వేస్తూ వట్టి తొట్టెను నడపండి. ఆ మేత కుళ్ళి అమ్మోనియా పుట్టి బాక్టీరియాకు ఆహారమవుతుంది. ఖాళీ తొట్టెకు మేత వేయడమేమిటని ఇంటికి వచ్చినవారు నవ్వుతారు, నవ్వనివ్వండి. పిల్లల చేత ఒక నోటుబుక్కులో తేదీ, వేడి, పరీక్ష ఫలితం రాయించండి. అమ్మోనియా పెరగడం, తరవాత నైట్రైట్ పెరగడం, చివరికి రెండూ సున్నాకు దిగడం వారే కనిపెడతారు. బడిలో చదివే నత్రజని చక్రం వారి కళ్ళముందు తిరుగుతుంది.

అప్పుడు మూడు నాలుగు గప్పీలతోనో, ప్లాటీలతోనో మొదలుపెట్టండి. రెండు వారాలకు మరో మూడు. చిన్న చేపలు ఎనిమిది, పది దాటకుండా ఉంటే ఈ తొట్టెకు సుఖం. గప్పీలు, మోలీలు నెలనెలా పిల్లలు పెడతాయి కనుక మగవాటినే తీసుకోవడం మంచిది. జీబ్రా చేప మన దేశపు వాగుల్లో పుట్టినదే, గట్టి పిండం. గోల్డ్ ఫిష్ మాత్రం జానెడు పెరిగే చేప. మలినం ఎక్కువ, వేడికి ఓర్చుకోదు. రెండడుగుల తొట్టె దానికి చాలదు.

తొట్టె శుభ్రం చేస్తుందని చెప్పి సక్కర్ చేపను అంటగడతారు. అది అడుగు దాటి పెరుగుతుంది. ఇంట్లో పట్టక జనం కాలువల్లో వదిలేశారు. ఈ జాతి చేపలు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ నదుల్లో, చెరువుల్లో వ్యాపించాయి. వాటి ముళ్ళకు వలలు చిరిగి నష్టపోతున్న జాలరులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. మీరు పెంచే ఏ చేపనైనా సరే, విసుగు పుట్టినప్పుడు బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో వదలకండి. దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెంచుకునేవారికి ఇవ్వండి.

ఆ తరవాత పని చాలా తక్కువ. రెండు నిమిషాల్లో తినగలిగినంత మేత రోజుకు ఒకటి రెండు సార్లు. వారానికి ఒకసారి ఒక బకెట్, అంటే సుమారు 12 లీటర్ల పాత నీరు గొట్టంతో లాగేసి, అంతే కొత్త నీరు. స్పాంజి మురికి పడితే లాగేసిన ఆ పాత నీటిలోనే పిండాలి. కుళాయి కింద కడిగితే నెల రోజులు పెంచిన బాక్టీరియా ఒక్క నిమిషంలో పోతుంది. మొత్తం నీరు తీసి తొట్టె తోమే అలవాటు పూర్తిగా మానాలి.

ఈ పద్ధతిలో వెళితే ఖర్చు ఒక్కసారి పెట్టేదే. మళ్ళీ మళ్ళీ చచ్చిన చేపలకు బదులు కొత్తవి కొనే ఖర్చు ఉండదు, పిల్లలను ఓదార్చే పనీ ఉండదు. ఈ నెలలో తొట్టె తెచ్చుకోండి. చేపల కోసం మాత్రం పిల్లల నోటుబుక్కులో వరుసగా రెండు సున్నాలు పడిన రోజున బయలుదేరండి.